అద్దెకి గది అడిగితే ఇంటిపేరెందుకు?

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరూ చదవండి, వచ్చే ఎండాకాలం ఈ పని మీ మీదకే వస్తుంది. పోస్టు పొడుగ్గానే ఉంటుంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్ళో ఉన్నవాళ్ళు సేవ్ చేసి పెట్టుకోండి.

మేం నలుగురం ఆడపిల్లలం. ఇద్దరిది పాడేరు వైపు, ఒకరిది అరకు, ఒకరిది చింతపల్లి దాటి బాగా లోపలికి. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. రెండో ఏడు పరీక్షలయ్యాక ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, హాస్టలేమో సెలవులకి మూసేస్తారు. రెండు నెలలకి ఒక గది కావాలి. అంతే మా అవసరం. టు-లెట్ బోర్డు చూసి గేటు కొట్టి ఇంటివాళ్ళతో బేరం మాట్లాడటం మాలో ఎవరికీ అలవాటు లేదు. మా అమ్మానాన్నలకీ లేదు. మా ఊళ్ళల్లో అద్దెకుండేది కింద నుంచి ఉద్యోగానికొచ్చిన సార్లే. "ఎక్కడ నుంచి సారూ, పిల్లలెంతమంది" అని అడుగుతారు గానీ "మీరేమిట్లు" అని మావాళ్ళు వాళ్ళని అడగ్గా మేం ఎప్పుడూ వినలేదు.

మద్దిలపాలెం, పెదవాల్తేరు, అక్కయ్యపాలెం వారం రోజులు తిరిగాం. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి ఇంట్లో మొదటి మూడు ప్రశ్నలు ఒకటే. ఎంతమంది, ఏం చదువుతున్నారు, ఏ ఊరు. మొదటి రెండిటికీ మేం చెప్పింది విని తలూపేవాళ్ళు. మూడోదానికి పాడేరు అనగానే గొంతు మారిపోయేది. "ఓ, ఏజెన్సీయా." ఆ తర్వాత వచ్చే ప్రశ్న నాలుగోది: "ఇంటిపేరేంటమ్మా?"

మన ఇంటిపేర్లు మీకు తెలుసు. కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము. మన ఊళ్ళో అవి చెబితే ఎవరికి ఎవరు అన్నదమ్ములవుతారో, ఎవరికి ఎవర్ని ఇచ్చి పెళ్ళి చెయ్యకూడదో తేలుతుంది. ఇక్కడ అవే చెబితే గది ఖాళీ లేదని తేలుతుంది. కులం పేరెత్తి అడిగినవాళ్ళు తక్కువ. ఎవరికీ ఆ అవసరం రాదు. ఊరు, ఇంటిపేరు, ఆ రెండు కలిపితే చాలు.

ఒకావిడ మాత్రం నాలుగో ప్రశ్న వేరేగా అడిగింది. "మీరు ఏవేవో తింటారట కదమ్మా?" అని. అప్పటికి ఆ ఇంట్లోంచే ఎండు చేపల కూర వాసన వీధి మలుపు దాకా వస్తోంది. మాకు నవ్వొచ్చింది, ఆకలి కూడా వేసింది, కానీ అక్కడ నవ్వలేం కదా. ఇంట్లో నాన్‌వెజ్ వండొద్దు అని ఓనరు అందరికీ ఒకే రూలు పెడితే అది వేరే సంగతి. ఉండాలనుకున్నవాళ్ళు ఉంటారు, లేదంటే ఇంకో ఇల్లు చూసుకుంటారు. ఆవిడ అడిగింది వంట గురించి కాదు.

ఒక బ్రోకరు దొరికాడు. నెల అద్దె కమీషన్ అన్నాడు, సరే అన్నాం. మా ఊళ్ళు విన్నాక, "అయితే ఇక్కడెందుకమ్మా, మీవాళ్ళు ఎక్కువగా ఉండే చోటుంది, అక్కడ చూపిస్తా, మీకూ బాగుంటుంది" అన్నాడు. అది మేం పని చెయ్యాల్సిన చోటికి ఈ చివర నుంచి ఆ చివర. రెండు బస్సులు మారాలి. మాకు బాగుంటుందని ఆయనకెలా తెలుసో మాకు అర్థం కాలేదు.

ఇక అసలు సంగతి. మాలో చింతపల్లి పిల్లకి కొంచెం మొండితనం ఎక్కువ. నాలుగో రోజు సాయంత్రం అంది, "నిజంగా ఖాళీ లేదా, మనకే లేదా, తేల్చుకుందాం" అని. మా క్లాసులో అనకాపల్లి వైపు అమ్మాయి ఒకామె ఉంది, మంచి స్నేహితురాలు. పొద్దున్న మాకు లేదన్న మూడు నంబర్లకి సాయంత్రం ఆమె చేత ఫోన్ చేయించాం. మేం చెప్పిందే ఆమె చేత చెప్పించాం. నలుగురు ఆడపిల్లలు, డిగ్రీ, రెండు నెలలు, అడ్వాన్సు ఇస్తాం. ఊరు, ఇంటిపేరు మాత్రం ఆమెవే. స్పీకర్ పెట్టి అందరం విన్నాం.

మొదటి నంబరు: "రేపు పొద్దున్న పదిలోపు వచ్చి చూసుకోండమ్మా."

రెండో నంబరు: "ఉంది, ఉంది. బ్యాచిలర్లకి ఇవ్వం గానీ ఆడపిల్లలైతే పర్లేదు."

మూడో ఆయన ఆమెకీ లేదన్నాడు. ఆయన గది నిజంగానే నిండిపోయింది. అంతవరకూ ఆయన్ని కూడా తిట్టుకున్నాం గానీ, ఆ ఫోన్ తర్వాత మానేశాం.

ఫోన్ పెట్టేశాక ఏడ్చింది మేం కాదు, అనకాపల్లి అమ్మాయి. "నేను అడిగి ఉంటే ఈ వారం అంతా మీరు తిరిగేవాళ్ళు కాదు కదా" అంది. ఆమె పేరు మీద గది తీసుకుని మేం ఉండొచ్చు అని కూడా అంది. ఆ రాత్రి మాలో ఒకరి నాన్న ఫోన్ చేసి దాదాపు అదే మాట అన్నాడు. "అడిగితే ఇంకేదో ఇంటిపేరు చెప్పండమ్మా, రెండు నెలలే కదా." పసుపు, మిరియాలు అమ్మడానికి సంతకొచ్చే షావుకార్లతో ముప్ఫై ఏళ్ళు బేరాలు చేసిన మనిషి ఆయన. ఏ మాట ఎక్కడ దాచాలో ఆయనకి బాగా తెలుసు. ఆయన్ని తప్పు పట్టలేం. కానీ ఆధార్ కార్డు ఇచ్చాక ఎలాగూ తెలుస్తుంది, తెలిసిన రోజు సామాను బయట పెడితే రెండు నెలల మధ్యలో ఎక్కడికి పోతాం? అదొక కారణం. రెండోది, మాలో ఇద్దరికి అస్సలు ఇష్టం లేదు. ఇద్దరికి పర్లేదనిపించింది. రాత్రి పన్నెండు దాకా దెబ్బలాడుకుని, దాచకూడదని తేల్చాం.

మన ఏజెన్సీ నుంచే లా చదువుతున్న అక్క ఒకామె ఉంది. మర్నాడు ఆమె దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాం. ఫోన్ల సంగతి విని అక్క లేచి కూర్చుంది. "మీరు చేసినదానికి అమెరికాలో పేరుంది. టెస్టింగ్ అంటారు. ఒకే జీతం, ఒకే కుటుంబం, ఒక నల్లమనిషి, ఒక తెల్లమనిషి, ఇద్దర్నీ ఒకే ఇంటికి పంపి ఎవరికి ఏం చెప్పారో రాసుకుంటారు. గది అవసరం లేకపోయినా సరే, అబద్ధం చెప్పించుకున్న ఆ టెస్టరు తనే కోర్టుకి వెళ్ళొచ్చని 1982లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది" అని. మన దేశంలో కూడా సుఖదేవ్ థోరట్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఢిల్లీ చుట్టుపక్కల ఇలాగే ఫోన్లు చేసి, ఇళ్ళకి వెళ్ళి, దళితుల్నీ ముస్లింలనీ ఓనర్లు ఎలా తిప్పి పంపుతున్నారో 2015లో అచ్చువేశారట. మాకు ఇవేవీ తెలియకుండానే మొండితనంతో చేశాం.

అమెరికా చట్టం గురించి అక్క చెప్పింది మీకూ చెప్పాలి, ఎందుకంటే మాకు ఎదురైనవన్నీ అందులో ఒక్కొక్కటిగా రాసి ఉన్నాయి. 1966 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ చికాగో వెళ్ళి, నల్లవాళ్ళు ఉండే పేటలో ఒక పాడుబడిన ఫ్లాటు అద్దెకి తీసుకున్నాడు. నల్లవాళ్ళకి ఊళ్ళో ఎక్కడైనా ఇల్లు ఇవ్వాలని ఆ ఎండాకాలం ఊరేగింపులు తీశారు. రాళ్ళు పడ్డాయి, కింగ్‌కే తగిలింది. 1968 ఏప్రిల్ 4న ఆయన్ని కాల్చి చంపారు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 11న, ఇళ్ళ విషయంలో వివక్ష కుదరదనే చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. దాన్నే ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ అంటారు. జాతి, రంగు, మతం, ఏ దేశం నుంచి వచ్చారు అన్నవి చూసి ఇల్లు ఇవ్వననకూడదు. 1974లో ఆడా మగా అన్నది కూడా చేర్చారు. 1988లో వికలాంగుల్నీ, చిన్నపిల్లలున్న కుటుంబాల్నీ చేర్చారు.

ఇల్లు ఖాళీగా ఉండి కూడా ఈ కారణాలతో లేదని చెప్పడం ఆ చట్టం ప్రకారం విడిగా ఒక తప్పు. ఫలానావాళ్ళకి ఇవ్వం అని ప్రకటన ఇవ్వడం ఇంకో తప్పు. "మీవాళ్ళున్న చోట చూపిస్తా" అన్న మా బ్రోకరు మాటకి కూడా అక్కడ పేరుంది, స్టీరింగ్ అంటారు, అదీ కుదరదు. మాకు ఆశ్చర్యం వేసింది. మద్దిలపాలెంలో మాకు జరిగింది అక్కడెవరో యాభై ఏళ్ళ కిందట చూసి రాసినట్టుంది.

అలాగని ఇల్లు ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చెయ్యాలని కాదు. ఇది మన గ్రూపులో చాలామంది గమనించాల్సిన విషయం. అక్కడి ఓనరు చాలానే అడగొచ్చు. జీతమెంత, అద్దె కట్టగలవా, ఇంతకుముందు ఉన్న ఇంటివాళ్ళు నీ గురించి ఏమంటారు, అద్దె ఎగ్గొట్టావా, ఎంతమంది ఉంటారు. అప్పుల చరిత్ర రిపోర్టు కూడా తెప్పించుకోవచ్చు. ఆ రిపోర్టు చూసి కాదంటే, దాన్ని బట్టే కాదన్నానని చెప్పి, అది ఎవరు ఇచ్చారో కూడా చెప్పాలి. అప్పుడు అందులో తప్పుంటే మనం దిద్దించుకోవచ్చు. కాబట్టి ప్రశ్నలు గట్టిగా ఉండటం అక్కడ నేరం కాదు. ఒకరికి మూడు ప్రశ్నలు, ఇంకొకరికి నాలుగు ప్రశ్నలు వెయ్యడం నేరం.

"ఎవరిల్లు వాళ్ళిష్టం కదా" అని మాలో ఒకరు అక్కని అడిగారు. మాకు ఇళ్ళివ్వని ఓనర్లు కూడా ఇదే అంటారు కాబట్టి అడగాల్సిన ప్రశ్నే. ఆ చట్టం రాసేటప్పుడు అక్కడా ఇదే గొడవ వచ్చిందట. మిసెస్ మర్ఫీ అని ఒక ఊహాజనిత ముసలావిడ పేరు చెప్పి, ఆవిడ తన ఇంట్లో గదులు అద్దెకిచ్చుకుని బతుకుతోంది, ఆవిణ్ణి కూడా కోర్టుకి లాగుతారా అన్నారు. దాంతో ఓనరు తనే ఉంటున్న, నాలుగు కుటుంబాలకి మించని ఇంటికి చాలావరకు మినహాయింపు ఇచ్చారు. కానీ అలాంటి ఇంటికి కూడా ఫలానా జాతివాళ్ళు వద్దు అని ప్రకటన ఇవ్వకూడదు. పైగా 1866 నాటి పాత పౌరహక్కుల చట్టం ఒకటుంది. జాతి చూసి కాదనే విషయంలో ఆ చట్టం ఓనర్లకీ వర్తిస్తుందని 1968లోనే వాళ్ళ సుప్రీంకోర్టు చెప్పింది. దాంట్లో మిసెస్ మర్ఫీకి మినహాయింపు లేదు. సియాటిల్ నగరమైతే 2023లో కులం చూసి వివక్ష చూపడాన్ని కూడా నిషేధించింది, అద్దె ఇళ్ళతో సహా. మన తెలుగువాళ్ళు బాగా ఉన్న ఊరు అది. అక్కడిదాకా ఈ నాలుగో ప్రశ్న ఎవరు మోసుకెళ్ళారో మనకి తెలిసిందే. చట్టం ఉన్నంత మాత్రాన అక్కడ వివక్ష పోలేదు. పోతే టెస్టర్ల అవసరమే ఉండదు.

మరి మన దగ్గర? ఇక్కడ అక్క కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం చదివి వినిపించింది. మతం, జాతి, కులం, ఆడా మగా, పుట్టిన చోటు, ఇవి కారణంగా దుకాణాల్లోకి, హోటళ్ళలోకి, సినిమాహాళ్ళలాంటి వినోద స్థలాల్లోకి, బావులు, చెరువులు, రోడ్ల మీదకి ఎవర్నీ రానివ్వకుండా ఆపకూడదు. చదివినంతసేపూ మేం ఎదురు చూశాం. అద్దె ఇల్లు అన్న మాట రాలేదు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు 19వ అధికరణంలో ఉంది, కానీ అది ప్రభుత్వం మనల్ని అడ్డుకోకుండా ఉండటానికి. మేడ మీద గది ఓనరు ప్రభుత్వం కాదు. అహ్మదాబాద్‌లో పార్సీల హౌసింగ్ సొసైటీ ఒకటి తమవాళ్ళకే ఇళ్ళు అని రూలు పెట్టుకుంటే, 2005లో మన సుప్రీంకోర్టు ఆ రూలు చెల్లుతుందనే చెప్పింది.

2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం ఒకటి తెచ్చింది. ఇళ్ళకి అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదు, ఓనరు గదిలోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, నీళ్ళూ కరెంటూ కట్ చెయ్యకూడదు, అగ్రిమెంటు రాతలో ఉండాలి. మంచివే. రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలవుతాయి. కానీ ఇవన్నీ గది దొరికాక పనికొచ్చేవి. కులం చూసి గది ఇవ్వననే ఓనరు గురించి అందులో ఒక్క సెక్షనూ లేదు.

రాయడం చేతకాక కాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ కోసం 2017లో చేసిన చట్టంలోనూ, ట్రాన్స్‌జెండర్ల కోసం 2019లో చేసిన చట్టంలోనూ ఇల్లు అద్దెకి తీసుకునే హక్కు విషయంలో వివక్ష చూపకూడదని ఆ మాటలతోనే రాశారు. వాళ్ళకి రాసినందుకు సంతోషమే. ఆదివాసీ పిల్లలకి కూడా ఒక్క వాక్యం రాసి ఉంటే మా వారం కలిసొచ్చేది. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టంలో నివాసం మాట ఉంది. అయితే అది అంటరానితనం కారణంగా అడ్డుకుంటేనే.

మనకి మిగిలింది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 2015లో దాన్ని సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఆ సవరణలో సామాజిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ నేరాలయ్యాయి. ఆర్థిక బహిష్కరణ అంటే ఏమిటో రాస్తూ, అవతలివాళ్ళతో లావాదేవీకి నిరాకరించడం, మామూలుగా అందరితో ఏ షరతుల మీద చేస్తారో ఆ షరతుల మీద చెయ్యకపోవడం అని కూడా చేర్చారు. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా. ఇది వినగానే చింతపల్లి పిల్ల "అయితే పెట్టేద్దాం" అంది. అక్క ఆగమంది. గది లేదు అన్న ఒక్క మాటకే ఆ సెక్షన్ దానంతటదే పడిపోదు. కారణం మన తెగే అని చూపించాలి, లేకపోతే ఓనరు వంద కారణాలు చెబుతాడు. అందుకే ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ నంబరు, ఏ మాట, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ ఆ రోజే రాసి పెట్టుకోమంది. మా మూడు ఫోన్లూ అలా నోట్‌బుక్కులో ఎక్కాయి.

గేటు సంగతి కూడా ఆమే చెప్పింది, ఇది బాగా గుర్తుంచుకోండి. అక్కయ్యపాలెంలో ఒకాయన మమ్మల్ని గేటు బయటే నిలబెట్టి, "కొండోళ్ళకి ఇల్లిస్తే మళ్ళీ కడుక్కోవాలి" అన్నాడు. ఎదురింటి మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని వింటున్నారు. నలుగురికీ కనిపించే, వినిపించే చోట కావాలని అవమానిస్తే అది ఈ చట్టం కింద వేరే నేరం. ఇల్లు ఇచ్చాడా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. 2008లో సుప్రీంకోర్టుకి వచ్చిన ఒక కేసులో కులం పేరుతో తిట్టింది ఇంటి గేటు దగ్గరే. గేటు బయటివాళ్ళకి కనిపించే చోటేనని కోర్టు అంది. 2020లో ఇంకో కేసులో, నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్న మాటకి ఆ సెక్షన్ వర్తించదంది. అంటే అదే మాట హాల్లో సోఫా మీద కూర్చుని అంటే ఒకటి, గేటు దగ్గర అంటే ఒకటి. అలాంటి ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందు విచారణ అక్కర్లేదని 2018లో చట్టంలోనే చేర్చారు. దర్యాప్తు చేసేది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి.

మేం కేసు పెట్టలేదు. ఒకరికి పెట్టాలనే ఉంది, ఇద్దరికి ఇంటర్న్‌షిప్ ముందు, ఒకరికి ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని భయం. నలుగురం ఒప్పుకుంటేనే అనుకున్నాం, ఒప్పుకోలేదు. నోట్‌బుక్కు మాత్రం మా దగ్గరే ఉంది. మీలో ఎవరికైనా ఇలా జరిగి, పెట్టాలనుకుంటే, అత్యాచారాల మీద జాతీయ హెల్ప్‌లైన్ 14566. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఎస్టీలకీ, ఆడవాళ్ళకీ ఆదాయం ఎంతున్నా లాయరు ఉచితం. మనం రెండు లెక్కల్లోనూ వస్తాం.

మధ్యలో ఒక మాట. ఒక ఓనరు గారు, మర్యాదగానే, కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి అన్నారు: "మీ ఏజెన్సీలో మేం సెంటు భూమి కొనకూడదట. మీరు మాత్రం మా ఊళ్ళో ఉంటారా?" ఈ ప్రశ్న మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అక్కడ మేం సరిగ్గా చెప్పలేకపోయాం, మాటలు రాలేదు. ఇక్కడ రాస్తున్నాం. 1/70 వచ్చింది మన భూములు షావుకార్ల అప్పు పుస్తకాల్లోకి జారిపోతున్నాయని. 1959 రెగ్యులేషన్ ఆపలేకపోతే 1970లో గట్టిగా సవరించారు. 1997లో సమత తీర్పు దాన్ని ఇంకా గట్టి చేసింది. బలం ఉన్నవాడు బలం లేనివాడి కాళ్ళ కింద నేల లాక్కోకుండా కట్టిన కంచె అది. ఓనరు గారి మేడ మేం లాక్కోబోవడం లేదు. రెండు నెలలుండి, అద్దె కట్టి, తాళం చేతికిచ్చి వెళ్ళిపోతాం. రెండూ ఒకటెలా అవుతాయి?

చివరికి గది దొరికింది, పెదవాల్తేరులో. ఓనరు రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన. మేడ మీద ఒక గది, వంటకి చిన్న చోటు, నెలకి 7,500. ఆయన అడిగినన్ని ప్రశ్నలు ఇంకెవరూ అడగలేదు. కాలేజీ ఐడీలు చూపించమన్నాడు. ఇంటర్న్‌షిప్ లెటరు చదివాడు, రెండుసార్లు. నలుగురి నాన్నల నంబర్లు తీసుకుని మా ఎదురుగానే నలుగురికీ ఫోన్ చేశాడు. ఒక నాన్నకి సిగ్నల్ లేదు, మర్నాడు మళ్ళీ చేశాడు. హాస్టల్ వార్డెన్ మేడంతో మాట్లాడాడు. రెండు నెలల అడ్వాన్సు, ముందు నెల అద్దె, కరెంటు మీటరు రీడింగు ఫోటో. రాత్రి తొమ్మిదిన్నరకి గేటు తాళం. పోలీస్‌స్టేషన్‌లో ఇవ్వడానికి వివరాల ఫారం. అద్దెకున్నవాళ్ళ వివరాలు ఇవ్వాలని చాలా నగరాల్లో పోలీసు కమిషనర్లు ఉత్తర్వులిస్తుంటారు, కాబట్టి ఫారం చూసి కంగారు పడకండి.

మేం నాలుగో ప్రశ్న కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాం. ఆయన అడగలేదు. ఆధార్ కాపీల మీద మా ఇంటిపేర్లు చదివాడు, పలకడం రాక ఒకటి తప్పు పలికాడు, అరకు పిల్ల సరిచేసింది, ఆయన ఫారంలో సరిగ్గా రాసుకున్నాడు. అంతే. కింద పోర్షన్‌లో ఉండే బ్యాంకు ఉద్యోగి కుటుంబాన్ని తర్వాత అడిగాం. వాళ్ళ చేత కూడా ఇవే కాగితాలు ఇప్పించుకున్నాడట, వాళ్ళ ఆఫీసుకి కూడా ఫోన్ చేశాడట. తొమ్మిదిన్నర తాళానికి ఆ బ్యాంకాయన కూడా ఇంకా సణుగుతూనే ఉంటాడు.

కాగితాల విషయం చెప్పి ఆపుతాం. ఆధార్ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. కాపీ మీద తేదీ వేసి, "అద్దె గది కోసం మాత్రమే" అని అడ్డంగా రాయండి. కుల ధృవీకరణ పత్రం ఏ ఓనరుకీ ఇవ్వాల్సిన పని లేదు, మనదగ్గర ఫైల్లో ఉంది కదా అని తీసి చూపించకండి. అడ్వాన్సు చేతికిస్తే రసీదు రాయించుకోండి, లేకపోతే ఫోన్‌పేలో వేసి, "గది అడ్వాన్సు" అని మెసేజ్ పెట్టండి. ఇళ్ళకి పదకొండు నెలల అగ్రిమెంటే ఎందుకు రాస్తారో కూడా అక్క చెప్పింది. ఏడాదికి మించితే 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి. మన రెండు నెలలకి కూడా తెల్లకాగితం మీదైనా సరే అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.

జూన్ చివర మేం ఖాళీ చేసి హాస్టల్‌కి వెళ్ళిపోతున్నాం. ఆ తర్వాత ఎవరికి ఇస్తారని పెద్దాయన్ని అడిగితే, "మీలాంటి పిల్లలుంటే చెప్పండి, కాగితాలు మాత్రం అన్నీ కావాలి" అన్నాడు. కోచింగ్‌కి వచ్చే చెల్లెళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, నంబరు విడిగా ఇస్తాం. మోటారు పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకే వేస్తారు, బిందెలు రెండు తెచ్చుకోండి. నాన్నలకి ముందే చెప్పి, సిగ్నల్ ఉన్న చోట నిలబడమనండి.